క్యాలిబర్ మార్చిన పాత సైనిక రైఫిల్: కొనే ముందు ఏం చూడాలి, కాల్చే ముందు ఏం కొలవాలి

సైన్యాలు రైఫిళ్లను అంత తేలిగ్గా పారేయవు. కొత్త తూటా వస్తే పాత రైఫిల్‌కు కొత్త బారెల్ బిగిస్తాయి, లేదా ఉన్న బారెల్‌నే తొలిచి కొత్త తూటాకు సరిపెడతాయి. ఇలా మారిన రైఫిల్ మీద ఒక్కోసారి కొత్త క్యాలిబర్ అచ్చు ఉంటుంది, ఒక్కోసారి పాతదే మిగిలిపోతుంది. కొన్నింటి మీద రెండూ కనిపిస్తాయి. అందుకే ఈ సేకరణలో అడుగుపెట్టేవాళ్లు మొదట ఒక అలవాటు చేసుకోవాలి. అచ్చును ఆధారంగా తీసుకోండి, రుజువుగా తీసుకోవద్దు. ఛాంబర్‌ను (బారెల్ వెనుక తూటా కూర్చునే గది), బారెల్ లోపలి వ్యాసాన్ని మీరే కొలిచేదాకా ఆ రైఫిల్ క్యాలిబర్ మీకు తెలియదనే అనుకోండి.

చట్టం విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. లైసెన్సు కాగితం మీద రాసిన క్యాలిబర్, రైఫిల్ ఛాంబర్ ఒకటే కావాలి. కొన్ని దేశాల్లో సైనిక క్యాలిబర్లు పౌరులకు నిషేధం. అలాంటి చోట్ల నిషేధాన్ని దాటడానికే క్యాలిబర్ మార్చిన రైఫిళ్లు చాలా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో 8×57 మౌజర్ (మొదటి అంకె క్యాలిబర్, రెండోది గుల్ల పొడవు, మి.మీ.ల్లో) ఛాంబర్లను 8×60 ఎస్‌కు పొడిగించింది ఇందుకే. కొనకముందే మీ దగ్గరి నియమాలు చూసుకోండి.

మార్పు ఏ రకందో గుర్తుపట్టడం

రైఫిల్ చేతికి రాగానే బారెల్ నోరు సురక్షితమైన వైపు తిప్పి, బోల్ట్ (ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే కడ్డీ) తెరిచి, మ్యాగజైన్ ఖాళీ చేయండి. ఛాంబర్‌లో వేలు పెట్టి తడిమి చూడండి. తర్వాత బోల్ట్ బయటికి తీసి అచ్చులు చదవడం మొదలుపెట్టండి. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా నీడ పడి లేచి కనిపిస్తాయి. రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు చట్రం) ముందు భాగం, బారెల్ మొదలు, బోల్ట్ పిడి మొదలు, చెక్క స్టాక్ పక్కలు, అన్నీ చూడండి.

మార్పులు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది కొత్త బారెల్ బిగించడం. సైనిక ఆయుధశాలలు చేసినవాటిలో నమ్మదగినవి ఎక్కువగా ఇవే. ఇజ్రాయెల్ 1950ల చివర 7.62×51 నాటోకు మార్చిన 98కే మౌజర్లు దీనికి మంచి ఉదాహరణ. వాటి స్టాక్ మీద 7.62 అని పెద్దగా కాల్చి వేసిన ముద్ర ఉంటుంది. చిలీ ఎం1912-61 కూడా ఈ కోవలోదే. బ్రిటిష్ నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్ నుంచి తయారైన ఎల్42ఏ1 స్నైపర్ రైఫిల్‌కు బారెల్‌తో పాటు ఎక్స్‌ట్రాక్టర్ (గుల్లను పట్టి బయటికి లాగే కొక్కెం), మ్యాగజైన్ కూడా మార్చారు.

రెండోది పాత ఛాంబర్‌ను తొలిచి పెద్ద తూటాకు సరిపెట్టడం. ఆస్ట్రియా, హంగరీ 1930ల్లో మాన్లిషర్ ఎం95 ను 8×50 ఆర్ (ఆర్ అంటే అడుగున అంచు ఉన్న తూటా) నుంచి 8×56 ఆర్‌కు మార్చాయి. ఆస్ట్రియా మార్చినవాటి బారెల్ మొదట్లో పెద్ద ఎస్ అక్షరం, హంగరీ వాటి మీద హెచ్ అక్షరం ఉంటాయి. 8×56 ఆర్ తూటా గుండు దాదాపు 8.36 మి.మీ. వ్యాసం, జర్మన్ మౌజర్ తూటా 8×57 ఐఎస్ గుండు 8.22 మి.మీ. రెండింటినీ జనం 8 మి.మీ. అనే పిలుస్తారు, పొరపాటు అక్కడే జరుగుతుంది. అదే ఎం95 ను యుగోస్లావియా 8×57కు మార్చి ఎం95ఎం అని పేరు పెట్టింది. అంటే పైకి ఒకేలా కనిపించే రైఫిల్‌కు మూడు వేర్వేరు తూటాలు ఉండే అవకాశం ఉంది.

మూడోది ఛాంబర్‌లో గొట్టం లాంటి ఇన్సర్ట్ పెట్టడం, లేదా బారెల్ మొత్తానికి లోపల కొత్త గొట్టం దించడం. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. అమెరికా నౌకాదళం ఎం1 గరాండ్‌లను 7.62 నాటోకు మార్చినప్పుడు మొదట .30-06 ఛాంబర్‌లో చిన్న ఉక్కు ఇన్సర్ట్ పెట్టింది. కాల్చేటప్పుడు కొన్నింటిలో ఆ ఇన్సర్ట్ ఖాళీ గుల్లతో పాటు ఊడి బయటికొచ్చేది. తర్వాత పూర్తిగా కొత్త బారెల్‌కు మారారు. ఇటలీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో 10.35 మి.మీ. వెటర్లి రైఫిళ్ల బారెల్‌లో గొట్టం దించి 6.5 కార్కానో తూటాకు మార్చింది. 1870/87/15 అనే ఆ రైఫిల్ యాక్షన్ (బోల్ట్, రిసీవర్ కలిసిన భాగం) నల్ల తుపాకీమందు కాలం నాటిది. పొగలేని మందు ఒత్తిడికి దాన్ని తయారు చేయలేదు. దాన్ని గోడకు తగిలించి చూసుకోండి. కాల్చవద్దు, తక్కువ మందుతో కూడా వద్దు.

వీటికి తోడు ప్రైవేటు వర్క్‌షాపుల మార్పులు. అమెరికాలో బ్యానర్‌మన్ సంస్థ మోసిన్-నాగాంట్లను .30-06కు మార్చి అమ్మింది. మోసిన్ అసలు తూటా 7.62×54 ఆర్ గుల్ల అడుగు దగ్గర దాదాపు 12.4 మి.మీ. లావు, .30-06 గుల్ల దాదాపు 12 మి.మీ. లావు. ఛాంబర్ వెనుక భాగం పాత లావులోనే మిగిలిపోతే ఇత్తడికి ఆసరా ఉండదు, అడుగు దగ్గర ఉబ్బి పగులుతుంది. అక్కడ పగిలిన గుల్ల నుంచి వచ్చే వాయువు నేరుగా మీ ముఖం వైపే వస్తుంది. ఈ రైఫిల్ కనబడితే చరిత్ర కోసం కొనుక్కోండి, తూటా పెట్టవద్దు.

అచ్చు తప్పుదారి పట్టించే చోట్లు

7.62 అనే అంకె ఒంటరిగా కనిపిస్తే అది నాటో తూటానే అనుకోవద్దు. నార్వే జర్మన్ల నుంచి చేజిక్కించుకున్న 98కేలను .30-06కు మార్చి వాటి మీద 7.62 అనే వేసింది, ఎందుకంటే .30-06 మెట్రిక్ పేరు 7.62×63. అలాంటి ఛాంబర్‌లో 7.62×51 తూటా పెడితే మౌజర్ ఎక్స్‌ట్రాక్టర్ దాన్ని పట్టుకుని నిలబెడుతుంది, సూది తగులుతుంది, తూటా పేలుతుంది. 12 మి.మీ. పొట్టి గుల్ల ఆసరా లేని ఛాంబర్‌లో ఉబ్బి చీలుతుంది.

ఈ ప్రమాదం వెనుక ఒక కొలత ఉంది. 7×57, 8×57, .30-06, 7.62×51, ఈ నాలుగింటి అడుగు భాగం లావు దాదాపు ఒకటే, 12 మి.మీ. బోల్ట్ ముఖం మార్చకుండానే మౌజర్‌ను ఇన్ని క్యాలిబర్లకు మార్చగలిగింది అందుకే. బోల్ట్ చూసి తూటా చెప్పలేకపోవడానికీ, తప్పు తూటా కొన్నిసార్లు ఇబ్బంది లేకుండా లోపలికి వెళ్లడానికీ కారణం అదే.

ఇషాపూర్ రైఫిళ్ల గురించి కూడా ఒక అపోహ ఉంది. ఇషాపూర్ 2ఏ, 2ఏ1 లను మార్చిన .303లని చాలామంది చెబుతారు. అవి మార్చినవి కావు. 1962 యుద్ధం తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ బలమైన ఉక్కుతో 7.62 నాటో కోసం కొత్తగా తయారు చేసినవి. 2ఏ వెనుక సైట్ 2000 మీటర్ల దాకా, 2ఏ1 సైట్ 800 దాకా గుర్తులతో ఉంటుంది. మ్యాగజైన్ అడుగు .303 మ్యాగజైన్ కంటే చదరంగా ఉంటుంది. పాత .303 రిసీవర్ మీద ఎవరో 7.62 బారెల్ బిగించి 2ఏ అని అమ్మితే ఈ తేడాలే పట్టిస్తాయి. ఇదే ఫ్యాక్టరీ .303 రైఫిళ్లను పోలీసుల కోసం .410 నున్నటి బారెల్ మస్కెట్లుగా మార్చింది. వాటి అసలు తూటా .303 గుల్లను మెడ లేకుండా తిన్నగా ఉంచి చేసినది, మామూలు .410 షాట్‌గన్ తూటా కాదు. తర్వాత చేతుల్లో కొన్ని ఛాంబర్లు షాట్‌గన్ తూటాకు తొలిచారు. ఏది ఏదో చెప్పగలిగేది కొలత ఒక్కటే.

స్టాక్ మీద గానీ రిసీవర్ మీద గానీ డీపీ అని ఉంటే అది డ్రిల్ కోసం పక్కన పెట్టిన రైఫిల్. అరిగిపోయిందనో, పరీక్షలో తప్పిందనో సైన్యమే దాన్ని కాల్పుల నుంచి తప్పించింది. పై పాలిష్ ఎంత మెరిసినా దాన్ని కాల్చవద్దు.

గ్రీజు వదిలించడం

నిల్వ గ్రీజు ఛాంబర్‌లో మిగిలితే గుల్ల ఛాంబర్ గోడను పట్టుకోలేదు. ఒత్తిడి మొత్తం వెనక్కి, బోల్ట్ లగ్గుల (బోల్ట్‌ను రిసీవర్‌లో బిగించే పళ్లు) మీదికి వస్తుంది. నూనె, వాన నీళ్లు అంటిన తూటాలతోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి ఛాంబర్‌ను మినరల్ స్పిరిట్, ఛాంబర్ బ్రష్‌లతో తోమి, తెల్లటి గుడ్డ మరక లేకుండా బయటికి వచ్చేదాకా తుడవండి. బోల్ట్‌ను పూర్తిగా విప్పండి. లోపల సూది నడిచే దారిలో గట్టిపడిన గ్రీజు ఉంటే దెబ్బ బలహీనంగా పడుతుంది, సూది ముందుకు వచ్చి ఇరుక్కుపోయినా పోతుంది.

విప్పినప్పుడే భూతద్దంతో లగ్గుల మూలలు చూడండి. పగులు వెంట్రుకలా కనబడుతుంది. అనుమానం ఉంటే గన్‌స్మిత్ దగ్గర రంగు ద్రావణంతో పగుళ్ల పరీక్ష చేయించండి. లగ్గులు కూర్చునే చోట రిసీవర్‌కు స్కోప్ కోసం రంధ్రాలు వేశారా, వెల్డింగు మరకలున్నాయా, అదీ చూడండి. సూది కొన బోల్ట్ ముఖం నుంచి ఎంత బయటికి వస్తోందో కొలవండి. మౌజర్ తరహా రైఫిళ్లకు సుమారు 1.4 నుంచి 1.65 మి.మీ. ఉండాలి. ఎక్కువైతే తూటా అడుగున ఉండే ప్రైమర్‌కు (సూది దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న మూత) చిల్లు పడుతుంది.

ఛాంబర్ అచ్చు తీయడం

ఇక్కడ అచ్చు అంటే రైఫిల్ మీది ముద్ర కాదు, ఛాంబర్ ఆకారంలో పోసిన లోహపు పోత. ఈ పనికి సెరోసేఫ్ అనే తక్కువ వేడికి కరిగే మిశ్రమ లోహం వాడతారు. 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది, కాబట్టి మరిగే నీళ్ల గిన్నెలో పెట్టిన చిన్న పాత్ర చాలు.

బోల్ట్ తీసేసి, ఛాంబర్‌కు పలచగా నూనె రాసి, మళ్లీ గుడ్డతో తుడవండి. పొర మాత్రం మిగలాలి, చుక్క ఉండకూడదు. ఛాంబర్ అయిపోయి బారెల్ లోపలి మెలిక గాడులు మొదలైన చోటు నుంచి 15 మి.మీ. ముందుకు, బారెల్‌లో గుడ్డ ముక్కను బిగువుగా దూర్చండి. రైఫిల్‌ను నోరు కిందికి పెట్టి నిటారుగా బిగించండి. బారెల్ మరీ చల్లగా ఉంటే లోహం మడతలు పడుతుంది, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త గోరువెచ్చగా చేయండి. చిన్న గరాటుతో ఆపకుండా ఒకే ధారగా పోయండి. ఛాంబర్ అంచు దాటి లగ్గుల గదిలోకి పొంగనివ్వకండి, పొంగితే అచ్చు బయటికి రాదు.

లోహం మొదట కుంచించుకుంటుంది, ఆ తర్వాత మెల్లగా పెరుగుతుంది. అరగంట లోపే నోటి వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో మెల్లగా తట్టి బయటికి తీయండి. సరిగ్గా గంటకు అది ఛాంబర్ అసలు కొలతకు వస్తుంది, అప్పుడే మైక్రోమీటర్ పెట్టండి. ఆలస్యం చేస్తే పెరిగిన కొలత చూస్తారు.

చేతిలో ఉన్న అచ్చు మీద నాలుగు చోట్ల కొలవండి: అడుగు, భుజం, మెడ, మొత్తం పొడవు. 7.62×51 గుల్ల అడుగు సుమారు 12 మి.మీ., భుజం 11.5, మెడ 8.7, పొడవు 51. ఛాంబర్ అంతకన్నా కొద్దిగా వదులుగా ఉండాలి. .30-06 అయితే పొడవు 63, 8×57 అయితే మెడ లావు 9 మి.మీ. పైన. భుజం దగ్గర రెండు మెట్లు కనిపిస్తే, పాత ఛాంబర్ గుర్తు పూర్తిగా పోకుండానే కొత్తది తొలిచారని అర్థం. అచ్చు చుట్టూ సన్నటి గీత కనిపిస్తే లోపల ఇన్సర్ట్ ఉన్నట్టే.

బారెల్ వ్యాసానికి మెత్తటి సీసపు గుండు వాడండి. బారెల్‌లో నూనె వేసి, బారెల్ కంటే కాస్త పెద్దదైన సీసపు గుండును నోటి నుంచి చెక్క సుత్తితో, ఇత్తడి రాడ్‌తో లోపలికి నడిపించి బయటికి తీయండి. గాడుల మీది వ్యాసం 7.62 నాటోకు 7.82 మి.మీ. దగ్గర, .303కు 7.92 చుట్టూ, 7×57కు 7.24 చుట్టూ, 8×57 ఐఎస్‌కు 8.22 దగ్గర ఉంటుంది. 1888 నాటి జర్మన్ కమిషన్ రైఫిళ్ల గుండు మొదట 8.08 మి.మీ. తర్వాత లావు గుండుకు సవరించినవాటి మీద ఎస్ అచ్చు ఉంటుంది, అయినా కొన్ని బారెళ్లు లోపల ఇరుకుగానే ఉంటాయి. ఇరుకు బారెల్‌లో లావు గుండు పడితే ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఛాంబర్ ఒక తూటాకు, బారెల్ ఇంకో తూటాకు సరిపోతున్నట్టు తేలితే పని అక్కడే ఆపేయండి.

హెడ్‌స్పేస్

బోల్ట్ ముఖం నుంచి గుల్ల భుజం ఆనే చోటు వరకు ఉన్న దూరం హెడ్‌స్పేస్. అంచు ఉన్న తూటాలకు ఆ అంచు మందం దగ్గర కొలుస్తారు. గేజులు కొనండి లేదా గన్‌స్మిత్ దగ్గర పెట్టించండి. బోల్ట్ నుంచి సూది, స్ప్రింగ్, ఎక్స్‌ట్రాక్టర్ తీసేసి, గేజ్ పెట్టి, పిడిని రెండు వేళ్ల బరువుతోనే దించండి. బలంగా నొక్కితే గేజ్ అబద్ధం చెబుతుంది, ఛాంబర్ కూడా దెబ్బతింటుంది.

గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు, ఫీల్డ్ గేజ్ ఆఖరి హద్దు. వాణిజ్య .308 (7.62 నాటోకు పౌర రూపం) గేజులు గో 41.40, నో-గో 41.50, ఫీల్డ్ 41.61 మి.మీ. నాటో గేజులు 41.53, 41.66, 41.80. సైనిక ఛాంబర్ .308 నో-గో మీద మూసుకుంటే వెంటనే రైఫిల్ చెడిందని అనుకోవద్దు, నాటో గేజ్‌తో చూడండి. సైనిక గుల్లల ఇత్తడి మందంగా ఉంటుంది, ఆ పొడవును అవి తట్టుకుంటాయి. వాణిజ్య గుల్లలు పలచన, అదే ఛాంబర్‌లో ఎక్కువ సాగుతాయి. ఫీల్డ్ గేజ్ మీద మూసుకుంటే మాత్రం ఆ రైఫిల్ గన్‌స్మిత్ దగ్గరికే, రేంజికి కాదు.

ఒక మాట ఒత్తిడి గురించి. .308కు 62,000, నాటోకు 50,000 అని అంకెలు పక్కపక్కన పెట్టి భయపెడుతుంటారు. మొదటిది పీజో (విద్యుత్ సెన్సర్) పద్ధతిలో చదరపు అంగుళానికి పౌండ్లు, రెండోది రాగి ముక్క నలిగే పద్ధతిలో వచ్చిన అంకె. ఒకే కొలబద్ద మీద రెండింటి తేడా చిన్నది. అసలు ప్రశ్న యాక్షన్ బలం. స్పెయిన్ ఎం1916 మౌజర్ 7×57 కోసం పుట్టింది, తర్వాత కొన్నింటిని 7.62కు మార్చారు. దాని బోల్ట్‌కు రెండు ముందు లగ్గులే, ఎం98 మౌజర్‌కు (98కే ఈ కుటుంబానిదే) ఉన్న మూడో భద్రతా లగ్గు లేదు. గుల్ల చీలితే వాయువును పక్కకు మళ్లించే ఏర్పాటు కూడా ఎం98 స్థాయిలో లేదు. స్పెయిన్ 7.62 కార్బైన్లలో (పొట్టి రైఫిళ్లలో) ఎఫ్ఆర్-7 దీని మీదే తయారైంది, ఎఫ్ఆర్-8 మాత్రం ఎం98 తరహా 1943 మౌజర్ మీద. బారెల్ కింద గొట్టం చూసి రెండూ ఒకటే అనుకోవద్దు. ఆ గొట్టం శుభ్రం చేసే సామాను పెట్టుకోవడానికే. ఎఫ్ఆర్-7, ఎం1916లలో పూర్తి స్థాయి .308 తూటాలు వాడవద్దు, తక్కువ ఒత్తిడి తూటాలే వాడండి. సొంతంగా నింపేవాళ్లు ప్రచురిత పట్టికల్లో ప్రారంభ మోతాదు దగ్గర, 125 నుంచి 150 గ్రెయిన్ల (గుండు బరువు కొలిచే ప్రమాణం) గుండుతో ఆగిపోండి. నెమ్మదిగా కాలే మందును ఆ ప్రారంభ మోతాదు కంటే తగ్గించడం కూడా ప్రమాదమే.

మొదటి ఐదు తూటాలు

కొలతలన్నీ సరిపోయాక కూడా మొదటి తూటాలను భుజం మీద పెట్టి కాల్చకండి. రైఫిల్‌ను బరువైన స్టాండుకు లేదా పాత టైరుకు గట్టిగా కట్టి, ట్రిగ్గర్‌కు 10 మీటర్ల తాడు కట్టి, దళసరి అడ్డం వెనుక నుంచి లాగండి. కొత్త ఫ్యాక్టరీ తూటాలు వాడండి, పాత నిల్వ సరుకు ఇప్పుడు వద్దు. సొంతంగా ఎక్కువ మందు పెట్టి బలపరీక్ష చేసే ఆలోచన అసలు వద్దు. ఆ పరీక్షలో పాసైన రైఫిల్ లోపల అప్పటికే పగిలి ఉండవచ్చు.

తాడు లాగినా పేలకపోతే కదలకండి. కొత్త తూటా అయితే కనీసం 30 సెకన్లు, పాత సైనిక తూటా అయితే పూర్తి నిమిషం ఆగి, నోరు లక్ష్యం వైపే ఉంచి బోల్ట్ తెరవండి. శబ్దం మామూలుగా కాక టప్‌మని పడితే గుండు బారెల్‌లో ఉండిపోయి ఉండవచ్చు. రాడ్ దించి చూడకుండా ఇంకో తూటా పెట్టవద్దు.

ప్రతి గుల్లనూ తీసి చదవండి. ప్రైమర్ నల్లగా మసి పట్టిందా, చిల్లు పడిందా, వెనక్కి పొడుచుకొచ్చిందా? అడుగు నుంచి 6 నుంచి 10 మి.మీ. పైన చుట్టూ మెరిసే గీత ఉందా? ఉంటే పేపర్ క్లిప్పును తిన్నగా చేసి, కొన సూదిలా రాకి, చివర కొంచెం వంచి గుల్ల లోపలికి దింపండి. అడుగు నుంచి లోపలి గోడ మీద మెల్లగా పైకి లాగండి. మంచి గుల్లలో కొన జారుతూ వస్తుంది. సాగిన గుల్లలో అదే ఎత్తులో ఒక చిన్న గాడిలో పడి టిక్కున ఆగుతుంది. ఆ గాడి దగ్గరే రేపు గుల్ల రెండు ముక్కలవుతుంది. హెడ్‌స్పేస్ ఎక్కువైందనో, ఛాంబర్ తూటాతో కలవట్లేదనో దాని అర్థం.

బోల్ట్ ఎత్తడం మొదటి తూటా కంటే ఐదోదానికి బరువైతే ఆపండి. లగ్గులు రిసీవర్‌లో గుంట చేసుకుంటున్నాయేమో చూడాలి. అన్నీ బాగుంటే భుజం మీదికి రండి, పక్కలు మూసిన కళ్లద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి.

పాత తూటాలు, తర్వాతి శుభ్రత

పాత సైనిక తూటాల ప్రైమర్లలో చాలావాటిలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాల్చాక మిగిలే పొటాషియం క్లోరైడ్ ఉప్పు గాలిలోని తేమను లాక్కుని బారెల్‌ను తుప్పు పట్టిస్తుంది. ఉప్పును నూనె కరిగించదు, నీరే కరిగిస్తుంది. కాల్చిన రోజే ఛాంబర్ వైపు నుంచి అర లీటరు నుంచి లీటరు మరిగే నీళ్లు పోసి, బ్రష్ తిప్పి, పొడిగుడ్డలు వేసి, చివర నూనె రాయండి. బోల్ట్ ముఖం, సూది కొన కూడా కడగాలి. గరాండ్ లాంటివైతే గ్యాస్ సిలిండర్, పిస్టన్ కూడా.

సేకరణగా ఉంచుకోవడం

మార్చిన రైఫిల్‌ను పాత క్యాలిబర్‌కు తిరిగి మార్చాలని ఉబలాటపడకండి. ఆ మార్పే దాని చరిత్ర. చెక్కకు ఇసుక కాగితం పెట్టకండి, కాల్చి వేసిన 7.62 ముద్ర పోతే ఆ రైఫిల్ ఎక్కడిదో చెప్పే సాక్ష్యం పోయినట్టే. అచ్చులన్నింటికీ పక్క వెలుతురులో ఫొటోలు తీయండి. ఛాంబర్ అచ్చును చిన్న డబ్బాలో రైఫిల్ నంబర్‌తో భద్రపరచండి. రోజులు గడిచేకొద్దీ అది పెరుగుతుంది కాబట్టి గంటకు తీసిన కొలతలనే కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి.

ట్రిగ్గర్ గార్డుకు ఒక అట్ట ముక్క కట్టండి: కొలిచిన క్యాలిబర్, హెడ్‌స్పేస్, వాడదగిన తూటా, కొలిచిన తేదీ. తూటాలు వేరే తాళంలో, ఒక్కో రైఫిల్‌కు వేరే డబ్బాలో, ఆ డబ్బా మీద రైఫిల్ నంబర్‌తో ఉండాలి. రేంజికి ఒకసారికి ఒకే రైఫిల్, దాని డబ్బా మాత్రమే తీసుకెళ్లండి.